రేడియోకీ కంప్యూటర్‌కీ మధ్య జానెడు తీగ

పోయిన ఎపిసోడ్‌లో హామ్ రేడియో గురించి మాట్లాడుతూ "రేడియోకి కంప్యూటర్ తగిలించే కేబుల్" అని నాలుగైదుసార్లు అన్నాం గానీ, అదేంటో వివరంగా చెప్పకుండానే దాటిపోయాం. విన్నవాళ్లు అడిగింది ఒకటే. రెండు చివర్లా రెండు ప్లగ్గులు, మధ్యలో జానెడు తీగ, దానికంత కథ ఏముంటుంది? కొందరు రేడియో ధరలో పావు వంతు పెట్టి కొంటుంటే, ఇంకొందరు పాత సామాన్లలోంచి ఏరుకుని ఇంట్లోనే ఎలా చేసుకుంటున్నారు? అరగంట ఆడియోలో పట్టని సంగతి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఈ కేబుల్ రెండు కొనలు కలిపే తీగ మాత్రమే అయితే దానికి చరిత్రే ఉండేది కాదు. రేడియోకి "ఒకటి" అంటే ఒక వోల్టేజీ, కంప్యూటర్‌కి "ఒకటి" అంటే ఇంకో వోల్టేజీ. ఇద్దరి మధ్యా ఎవరో కూర్చుని దుబాసీ పని చెయ్యాలి. ఆ దుబాసీ ఒకప్పుడు బీరువా అంత ఉండేవాడు, తర్వాత డబ్బాలోకి వచ్చాడు, తర్వాత ప్లగ్గు తొడుగులో ఇమిడాడు, ఇప్పుడు నల్లటి చిప్‌లో కూర్చున్నాడు. అతను ఎవరి చేతిలో ఉన్నాడన్నదే నా దృష్టిలో ఈ కథలో అసలు విషయం.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికాలో సైన్యం, టెలిఫోన్ కంపెనీలు, వార్తా సంస్థలు వదిలించుకున్న టెలిటైప్ మెషీన్లు హామ్‌ల ఇళ్లలోకి చేరాయి. ఇనుప దిమ్మెలు, గదంతా మోత. వాటికి కంప్యూటర్‌తో పనిలేదు. కీ నొక్కితే 60 మిల్లీయాంపుల కరెంటు లూపు తెగుతుంది, మళ్లీ కలుస్తుంది. ఆ తెగడం కలవడమే భాష. ఒక్కో అక్షరానికి 5 బిట్లు, సెకనుకి 45.45 బాడ్ వేగం. దీన్ని రేడియోలో పంపాలంటే రెండు స్వరాలు కావాలి. 2125 హెర్ట్జ్ ఒకటి, 2975 ఇంకొకటి. తర్వాతి రోజుల్లో ఆ రెండో స్వరం 2295కి దిగింది. లూపు కరెంటుని స్వరంగా, స్వరాన్ని తిరిగి కరెంటుగా మార్చే పెట్టెని టెర్మినల్ యూనిట్ అనేవారు. వాల్వులు, కాయిల్స్, ట్రాన్స్‌ఫార్మర్లు, రిలేలు. చాలామంది ఇంట్లోనే కట్టుకునేవారు. 5 బిట్లంటే 32 గుర్తులే కాబట్టి అక్షరాలకీ అంకెలకీ మధ్య షిఫ్ట్ కీ వేసుకుంటూ నడిపేవాళ్లు. కంప్యూటర్లు వాడే ఆస్కీ కోడ్‌ని అమెరికా హామ్‌లు గాల్లో వాడటానికి అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్నది 1980 మార్చిలో. ఇంటి కంప్యూటర్లు అప్పటికే దుకాణాల్లోకి వచ్చేశాయి.

ఆ కంప్యూటర్ల వెనక ఉండే పోర్టు ఆర్‌ఎస్-232. కంప్యూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య ఒప్పందంగా 1960లో పుట్టింది. 1969లో వచ్చిన సవరణే చాలా ఏళ్లు రాజ్యమేలింది. మన సర్వే వాళ్లకి ఇది తెలిసినదే. సైట్లలో టోటల్ స్టేషన్ నుంచి ల్యాప్‌టాప్‌లోకి పాయింట్లు దింపుకునే పాత కేబుల్ ఉంటుంది చూడండి, తొమ్మిది పిన్నులది, అదే. దాని లెక్క కాస్త తిరకాసుగా ఉంటుంది. "ఒకటి" అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు. "సున్నా" అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15. మధ్యలో ఉన్నదానికి అర్థం లేదు. రేడియో లోపలి చిప్‌కేమో "ఒకటి" అంటే 5 వోల్టులు, "సున్నా" అంటే సున్నాయే. అంటే కొలత వేరు, తల కూడా కిందికి. మేస్త్రీ రసమట్టం ఒక ఫ్లోర్‌లో తిన్నగా, ఇంకో ఫ్లోర్‌లో తలకిందులుగా పెట్టి చదివినట్టు ఉంటుంది. సూటిగా కలిపితే మాట అర్థం కాకపోవడం ఒక్కటే కాదు, మైనస్ 12 వోల్టులు వెళ్లి 5 వోల్టుల చిప్ మీద పడతాయి.

1980లలో జపాన్ కంపెనీలు రేడియోలని కంప్యూటర్‌తో నడిపే సదుపాయం పెట్టాయి. యేసు దాన్ని క్యాట్ అంది, అంటే కంప్యూటర్ సాయంతో నడిచే ట్రాన్స్‌సీవర్ అని. ఐకామ్ సీఐ-ఫైవ్ అంది. కెన్‌వుడ్ దారి కెన్‌వుడ్‌ది. ముగ్గురివీ మూడు భాషలు. అందరూ కలిసి చేసిన పని ఒకటుంది. వోల్టేజీ మార్చే దుబాసీని రేడియో లోపల పెట్టకుండా బయట డబ్బాగా అమ్మారు. యేసుది ఎఫ్‌ఐఎఫ్-232సీ, కెన్‌వుడ్‌ది ఐఎఫ్-232సీ, ఐకామ్‌ది సీటీ-17. రేడియో కొన్నవాడు కంప్యూటర్ కలపాలంటే ఇది కూడా కొనాలి. మన ఊళ్లలో రేడియోనే దొరకని రోజుల్లో, కస్టమ్స్ దాటించుకుని తెచ్చుకున్నవాడికి ఆ డబ్బా మళ్లీ ఇంకో యాత్ర.

హామ్‌లు ఆ డబ్బా మూత తీసి చూశారు. లోపల రహస్యమేమీ లేదు. వోల్టేజీ మార్చే చిప్పో రెండు, చిల్లర సామాను.

ఐకామ్ పద్ధతి నాకు అన్నిటికన్నా ఇష్టం, అందుకని ఇక్కడ కాసేపు ఆగుతాను. సీఐ-ఫైవ్‌లో పంపడానికీ వినడానికీ కలిపి ఒకటే తీగ, ఇంకొకటి భూమి. మామూలు 3.5 మిల్లీమీటర్ల జాక్. పాత ఆర్టీసీ బస్సులో ముందు నుంచి వెనక దాకా కట్టిన గంట తాడు గుర్తుందా? తాడు తనంతట తాను పైనే ఉంటుంది. కండక్టర్ లాగినా, మధ్యలో కూర్చున్న ప్రయాణికుడు లాగినా గంట మోగుతుంది, లాగినవాడికీ వినపడుతుంది. సీఐ-ఫైవ్ తీగ కూడా ఊరికే ఉన్నప్పుడు 5 వోల్టుల దగ్గర పైన ఉంటుంది. ఎవరైనా దాన్ని భూమికి లాగొచ్చు. కంప్యూటర్ పంపిన మాట కంప్యూటర్‌కే తిరిగి వినపడుతుంది. ఒకే తాడు మీద రెండు మూడు రేడియోలు కూర్చోవచ్చు కాబట్టి ఒక్కోదానికి ఒక అడ్రసు. ఐసి-735 అనే రేడియో అడ్రసు 04. "నువ్వు ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నావు?" అని అడగాలంటే కంప్యూటర్ ఎఫ్‌ఇ ఎఫ్‌ఇ 04 ఇ0 03 ఎఫ్‌డి అని పంపుతుంది. రెండు ఎఫ్‌ఇలు "వినండహో" అన్నట్టు, 04 రేడియోకి, ఇ0 కంప్యూటర్ పేరు, 03 ప్రశ్న, ఎఫ్‌డి అయిపోయిందని. జవాబులో అంకెలు వెనక నుంచి వస్తాయి. 14.074 మెగాహెర్ట్జ్‌లో ఉంటే 00 40 07 14 అంటుంది. పాత శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటల్లో చెక్కేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టేవారే, ఆ వరస.

ఇంత సాదా పద్ధతికి దుబాసీ కూడా సాదాగానే సరిపోయాడు. ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ చాలు పంపడానికి. పోర్టు మైనస్‌లో ఉన్నంతసేపూ ట్రాన్సిస్టర్ పడుకుంటుంది, తాడు పైనే ఉంటుంది. పోర్టు ప్లస్ 12కి వెళ్లగానే అది లేచి తాడుని భూమికి లాగుతుంది. తలకిందుల లెక్క కూడా అక్కడే సరైపోయింది, ఎందుకంటే ట్రాన్సిస్టర్ తనకి తానుగా తిప్పి చెబుతుంది. బేస్ దగ్గర ఒక 1ఎన్4148 డయోడ్ తప్పనిసరి. మామూలు ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ జంట ఆరేడు వోల్టుల ఎదురు దెబ్బకే లొంగిపోతుంది, పోర్టేమో మైనస్ 12 కొడుతుంది. వినడానికి ఇంకో ట్రాన్సిస్టర్. దానికి కరెంటు ఎక్కడిది? పోర్టులో డీటీఆర్, ఆర్‌టీఎస్ అని రెండు పిన్నులు ఉంటాయి, మోడెమ్‌కి "నేను సిద్ధం" అని చెప్పడానికి పెట్టినవి. సాఫ్ట్‌వేర్‌తో వాటిని ప్లస్‌లో నిలబెడితే కొన్ని మిల్లీయాంపులు ఇస్తాయి. ఈ బుల్లి సర్క్యూట్‌కి అదే సబ్‌స్టేషన్. బయటి అడాప్టర్ అక్కర్లేదు, డబ్బా అక్కర్లేదు. రెండు ట్రాన్సిస్టర్లు, డయోడు, నాలుగు రెసిస్టర్లు తొమ్మిది పిన్నుల ప్లగ్గు తొడుగు లోపలే సర్దేసి, పైన రెండు స్క్రూలు బిగిస్తే బయటివాడికి అది మామూలు కేబుల్. చిన్నదిగా చేసుకోవడమనే ఆనవాయితీ ఇక్కడే మొదలైందని నేననుకుంటాను.

ఇందులో ఒక దొంగదారి కూడా ఉంది. పుస్తకం ప్రకారం పోర్టుకి "ఒకటి" అనాలంటే మైనస్ 3 అయినా ఇవ్వాలి. ఈ సర్క్యూట్ సున్నా దాకే దిగుతుంది. అయినా పనిచేసింది, ఎందుకంటే చాలా కంప్యూటర్ల రిసీవర్ చిప్పులు ఒకటి రెండు వోల్టుల దగ్గరే గీత గీసుకునేవి. దాని కింద ఉన్నదంతా వాటికి "ఒకటి"యే. తర్వాత ల్యాప్‌టాప్‌ల రోజుల్లో బ్యాటరీ ఆదా కోసం పోర్టు వోల్టేజీ తగ్గించేసరికి డెస్క్‌టాప్ మీద ఏళ్ల తరబడి నడిచిన కేబుళ్లు కొన్ని మూగబోయాయి. దారి సరిగ్గా వేసుకోవాలనుకున్నవాళ్లకి 1987 నుంచి మ్యాక్స్232 చిప్ ఉంది. అది 5 వోల్టుల మీదే బతుకుతుంది. నాలుగు కెపాసిటర్లని బకెట్లలా వాడి ఒక్కో బకెట్టూ నింపి పైకి చేరవేస్తూ 10 వోల్టులూ, ఇంకో వైపు మైనస్ 10 వోల్టులూ తనే తయారు చేసుకుంటుంది. అది వచ్చాక కంపెనీ డబ్బాకీ ఇంటి కేబుల్‌కీ పనిలో తేడా లేకుండా పోయింది.

ఇదంతా రేడియోని నడిపే తీగ సంగతి. సమాచారం మోసే తీగ వేరు, అది ఆడియో. 1978 మే నెలాఖరున కెనడాలోని మాంట్రియల్ హామ్‌లు మొదటిసారి ప్యాకెట్ రేడియో నడిపారు. సందేశాన్ని ముక్కలు చేసి, ముక్క ముక్కకీ చిరునామా రాసి పంపడం. తర్వాత అమెరికాలోని టూసాన్ హామ్‌ల సంఘం టీఏపీఆర్ దానికి టీఎన్‌సీ అనే పెట్టెని కిట్‌గా అమ్మింది. లోపల ఒక ప్రాసెసర్, మెమరీ, మోడెమ్. అంటే కంప్యూటర్ పక్కన ఇంకో చిన్న కంప్యూటర్. జర్మనీలో బవేరియా హామ్‌లు దీన్ని వేరేగా చూశారు. పీసీలో ప్రాసెసర్ ఉండగా ఇంకోటి ఎందుకని, ముక్కలు చేసే పనంతా సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పి, టీసీఎం3105 అనే ఒక్క మోడెమ్ చిప్‌తో అగ్గిపెట్టె అంత వస్తువు చేశారు. పేరు బేకామ్. కరెంటు మళ్లీ ఆ పోర్టు పిన్నుల నుంచే. హామ్‌కామ్ అనే ప్రోగ్రాం ఇంకా పొదుపు. ఒక్క 741 ఆప్-ఆంప్. రేడియో నుంచి వచ్చే శబ్దాన్ని నిక్కచ్చి చదరపు తరంగంగా కోసి పోర్టులోని ఒక కంట్రోల్ పిన్నుకి ఇస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ అంచుల మధ్య సమయం కొలిచి ఏ స్వరమో తేలుస్తుంది. అదీ ప్లగ్గు తొడుగులో పట్టేదే. ఆ రోజుల్లో ఈ పథకం బొమ్మలు మ్యాగజైన్ల నుంచి జెరాక్స్ మీద జెరాక్స్ తిరిగేవి.

మన వైపు సంగతి ఒకటి రెండు చెప్పాలి. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారి బృందం ఆ సంస్థ తరఫునే అండమాన్‌లో స్టేషన్ పెట్టి ప్రపంచంతో మాట్లాడుతుండగా 26న సునామీ వచ్చింది. సరదాకి పెట్టిన స్టేషన్ పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటికి కబురు మోసే దారి అయింది. అక్కడ నడిచింది ప్రధానంగా గొంతే. కానీ ఒక్కసారి ఊహించండి. వందల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు గరగరమనే ధ్వనిలో అక్షరం అక్షరంగా చదివి వినిపించడం ఎంత పనో. జాబితాని ఫైలుగా పంపగలిగితే ఎంత తేలికో. ఆ తేలిక అంతా ఈ జానెడు తీగ దగ్గర ఉంది.

ఇంకోటి 2005 మే 5. శ్రీహరికోట రెండో ప్రయోగ వేదిక నుంచి ఎగిరిన మొదటి రాకెట్టు పీఎస్‌ఎల్‌వీ-సీ6. అందులో కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హామ్‌శాట్ కూడా వెళ్లింది. భూమి నుంచి 435 మెగాహెర్ట్జ్‌లో పంపితే 145లో తిరిగి వినిపించేది. ఉపగ్రహం దగ్గరికి వస్తూ, దూరమవుతూ ఉంటుంది కాబట్టి రైలు కూత మారినట్టు ఫ్రీక్వెన్సీ మారుతుంది. 435 దగ్గర అది రెండు వైపులా పదేసి కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది. పది పన్నెండు నిమిషాల్లో అది నెత్తి మీంచి దాటిపోతుంది. ఒక చేత్తో యాంటెన్నా తిప్పుతూ, ఇంకో చేత్తో రెండు ఫ్రీక్వెన్సీలు సరిచేస్తూ, మాట్లాడుతూ, రాసుకోవాలి. కంప్యూటర్ లెక్కగట్టి క్షణం క్షణం రేడియోని జరిపితే మనిషికి మాట్లాడే తీరిక దొరుకుతుంది. నేను పైన చెప్పిన ఎఫ్‌ఇ ఎఫ్‌ఇ సంభాషణ పని అదే. హామ్‌శాట్ 2014 జులై దాకా పనిచేసింది.

సౌండ్ కార్డు వచ్చాక మోడెమ్ పెట్టెల అవసరమే తగ్గిపోయింది. 1998 చివర్లో ఇంగ్లండ్‌కి చెందిన పీటర్ మార్టినెజ్ పీఎస్‌కే31ని విండోస్ సౌండ్ కార్డు మీద నడిచేలా విడుదల చేశాడు. సెకనుకి 31.25 బిట్లు, మనిషి టైపు చేసే వేగం. తక్కువ పవర్‌తో, ఇరుకు సందులో, సముద్రాలు దాటి వెళ్తుంది. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 ఇంకా ముందుకెళ్లింది. దాన్ని చేసిన ఇద్దరిలో ఒకరు జో టేలర్, 1993లో భౌతికశాస్త్రం నోబెల్ అందుకున్నాయన. 15 సెకన్ల వంతులు, 50 హెర్ట్జ్ వెడల్పు, చెవికి ఏమీ వినపడని చోట కూడా కంప్యూటర్ అక్షరాలు తీస్తుంది. వీటన్నిటికీ కావాల్సింది రేడియో స్పీకర్ నుంచి కంప్యూటర్ మైక్‌కి ఒక తీగ, కంప్యూటర్ స్పీకర్ నుంచి రేడియో మైక్‌కి ఇంకో తీగ, పంపు అని చెప్పే మీట ఒకటి.

చెప్పడం తేలికే గానీ, ఇంటి కేబుళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. కంప్యూటర్ భూమి, రేడియో భూమి ఒకటి కాదు. రెండూ కలిపితే మధ్యలో కరెంటు తిరిగి మెయిన్స్ గుయ్‌మనే శబ్దం ప్రసారంలోకి ఎక్కుతుంది. ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లకి ఇది కొత్త కాదు, ఎర్తింగ్ రెండు చోట్ల ఇచ్చిన ప్యానెల్ బాధే. మందు ఒకటికి ఒకటి నిష్పత్తి, 600 ఓముల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్. తుక్కులో పడేసిన పాత డయల్-అప్ మోడెమ్ విప్పితే ఒకటి దొరుకుతుంది. చాలామంది అక్కడినుంచే తీసుకున్నారు. కంప్యూటర్ ఇచ్చే వోల్టు దాకా ఆడియోని మైక్‌కి సరిపోయే మిల్లీవోల్టులకి దింపడానికి 10 కిలో ఓములు, 100 ఓముల జంట. మీట కోసం 4ఎన్25 లాంటి ఆప్టోకప్లర్. లోపల బుల్లి దీపం వెలిగితే ఎదురుగా ఉన్న ట్రాన్సిస్టర్ చూసి మీట నొక్కుతుంది, మధ్యలో తీగ సంబంధమే ఉండదు. ఇంకో చిక్కు, విండోస్ లేచేటప్పుడు ఆ ఆర్‌టీఎస్ పిన్నుని ఊరికే కదుపుతుంది. రేడియో ఆన్‌లో ఉంటే మనం కుర్చీలో కూర్చోకముందే ప్రసారం మొదలైపోతుంది. కంప్యూటర్ పూర్తిగా లేచాకే రేడియో ఆన్ చెయ్యాలన్న అలవాటు అందుకే వచ్చింది.

2000 దాటాక తొమ్మిది పిన్నుల పోర్టు ల్యాప్‌టాప్‌ల నుంచి మాయమైంది. దాని చోట యూఎస్‌బీ. యూఎస్‌బీని ట్రాన్సిస్టర్‌తో మోసం చెయ్యలేం. అది నిమిత్తం లేని గంట తాడు కాదు, నీ కంపెనీ నంబరేంటి, వస్తువు నంబరేంటి అని ముందే అడిగి గేటు పాసు చూసే వాచ్‌మన్. అందుకే దుబాసీ పని చిప్పులకి పోయింది. గ్లాస్గోలోని ఎఫ్‌టీడీఐ వాళ్ల ఎఫ్‌టీ232, తైవాన్ ప్రొలిఫిక్ వాళ్ల పీఎల్2303. కేబుల్ మునుపటికన్నా చిన్నదైంది, 5 వోల్టులు ఉచితంగా వచ్చాయి. బదులుగా లోపలివాడు డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ మాట వింటాడు, ఆ డ్రైవర్ మన చేతిలో ఉండదు.

దాని అర్థం 2014 అక్టోబరులో తెలిసింది. నకిలీ చిప్పులు బజారంతా నిండాయని ఎఫ్‌టీడీఐ ఒక కొత్త డ్రైవర్ విడుదల చేసింది, అది విండోస్ అప్‌డేట్‌తో పాటు కంప్యూటర్లలోకి దిగింది. నకిలీ చిప్ కనపడితే దాని వస్తువు నంబరుని సున్నా చేసేసేది. తర్వాత ఏ కంప్యూటర్‌కి పెట్టినా గుర్తుపట్టదు. కొన్నవాడికి తన కేబుల్‌లో ఉన్నది అసలో నకిలీయో తెలిసే దారే లేదు, పైన ముద్ర ఒకటే. గొడవ పెద్దదై ఆ డ్రైవర్ వెనక్కి తీశారు. ప్రొలిఫిక్ డ్రైవర్లేమో పాత, నకిలీ చిప్పులు కనపడితే "కోడ్ 10" అని చూపించి ఊరుకునేవి. కంపెనీ బాధ నాకు అర్థమవుతుంది, దొంగ సరుకు దొంగ సరుకే. కానీ శిక్ష పడింది దొంగకి కాదు, ఎవరి నుంచో కేబుల్ కొన్న చివరి మనిషికి. అదే నెల 12న హుద్‌హుద్ విశాఖని కొట్టి సెల్ టవర్లని మూగ చేసింది. రెండిటికీ సంబంధం లేదు. కానీ అలాంటి రోజున రేడియో పక్కన పెట్టుకున్న కేబుల్, మొన్న రాత్రి వచ్చిన అప్‌డేట్ వల్ల చచ్చిపడి ఉంటే ఏంటన్న ప్రశ్న ఆ నెలలో హామ్‌లకి పుస్తకంలో ప్రశ్న కాదు. పాత ట్రాన్సిస్టర్ కేబుల్ పాడైతే రెండు రూపాయల సామానుతో బాగయ్యేది.

కంపెనీలు చివరికి దుబాసీని రేడియో లోపలే పెట్టాయి. 2016లో వచ్చిన ఐకామ్ ఐసి-7300కి ఒక్క మామూలు యూఎస్‌బీ తీగ చాలు, ఆడియో, నడపడం, మీట అన్నీ అందులోనే. ముప్పై ఏళ్ల కింద అమ్మిన డబ్బా పని ఉచితమైంది. అందరూ అంత రేడియో కొనలేరు కాబట్టి ఇంటి కేబుల్ కథ చేతి సెట్ల వైపు జరిగింది. 2012 నుంచి బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి చవక సెట్లు వచ్చాయి. పక్కన 3.5, 2.5 మిల్లీమీటర్ల రెండు రంధ్రాలు, కెన్‌వుడ్ పాత వరస. మైకు, స్పీకరు, మీట, ప్రోగ్రామింగ్ అన్నీ ఆ రెండిట్లోంచే.

వీటికోసం ఆల్-ఇన్-వన్-కేబుల్ అనే డిజైన్ ఒకటి అందరికీ తెరిచి పెట్టి ఉంది. రెండు ప్లగ్గులూ బోర్డుకే నేరుగా సోల్డర్ చేస్తారు. బోర్డు బొటనవేలంత. మధ్యలో ఎస్‌టీఎం32 ప్రాసెసర్. యూఎస్‌బీకి తగిలిస్తే కంప్యూటర్‌కి ఒక సౌండ్ కార్డూ, ఒక సీరియల్ పోర్టూ కనపడతాయి, అదీ విండోస్‌లో, లినక్స్‌లో ముందే ఉన్న సాధారణ డ్రైవర్లతో. లోపలి ప్రోగ్రాం ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, మళ్లీ ఎక్కించొచ్చు. బేకామ్ పెట్టె, సీటీ-17, సౌండ్ కార్డు, మీట, మొత్తం ఆ బొటనవేలంత చోట. ఎవరి దయా లేకుండా బాగుచేసుకోగల కేబుల్ మళ్లీ చేతికొచ్చిందంటే నాకు ఇదే కనపడుతుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఒక మాట. ఇక్కడ ప్రసారానికి ఆయా దేశం లైసెన్సు కావాలి, కొన్నిచోట్ల సెట్ తెచ్చుకోవడానికే అనుమతి కావాలి. అవి చూసుకున్నాకే సామాను ముట్టుకోండి. కేబుల్ చేసుకునేవాళ్లు ముందు పాతది ఒకటి విప్పండి. తొడుగు తీసి, మల్టీమీటర్‌తో ఏ పిన్ను ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసుకోండి, చిప్ మీద రాసిన నంబరు కూడా పక్కన రాసుకోండి. ఆ కాగితాన్ని మడిచి తొడుగులోనే పెట్టి స్క్రూ బిగించండి. తర్వాత విప్పేది ఎవరైనా సరే, పని వాళ్లకి అక్కడినుంచే మొదలవుతుంది.